ఉమ్మడి గ్రాంటులో ఏ ఖర్చు ఎవరి జేబులోంచి?

దాతల దగ్గర ఏటా కొత్తగా రాయించుకునే గ్రాంటు వరసగా మూడుసార్లు వచ్చినా అది మూడేళ్ల గ్రాంటుకు సాటి రాదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చెరువు సంఘాలతోనో, యానాది కుటుంబాలతోనో, వికలాంగుల సంఘాలతోనో పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థల లెక్కల పుస్తకం తెరిస్తే ఈ తేడా వెంటనే కనబడుతుంది.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే సీఎస్ఆర్ డబ్బు దారినే చూడండి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. బోర్డు బడ్జెట్ ఖాయం చేసేసరికి జూన్, జూలై అవుతాయి. ప్రతిపాదనలు, కాగితాల తనిఖీ, సంతకాలు అయ్యేసరికి సెప్టెంబరు దాటిపోతుంది, మొదటి వాయిదా అక్టోబరులో ఖాతాలో పడుతుంది. చెరువులో పూడిక తీయగలిగేది మాత్రం నీళ్లు అడుగంటిన ఏప్రిల్, మే నెలల్లో, మహా అయితే జూన్ దాకా. అక్టోబరు వచ్చిందంటే ఈశాన్య రుతుపవనాలు దిగుతాయి. డబ్బూ నీళ్లూ కలిసే వస్తాయన్నమాట. చెరువు మళ్లీ ఎండేలోపు మార్చి 31 వచ్చి, మిగిలింది వెనక్కి పంపమంటుంది. వేరుశనగ విత్తనానిదీ అదే కథ: జూన్, జూలైలో భూమిలో పడాల్సిన విత్తనానికి మే నెలలోనే డబ్బు కావాలి. ఇక ఏ కాలంలోనైనా చేయగలిగేవి శిక్షణలు, అవగాహన సదస్సులు మాత్రమే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సదస్సులు ఎందుకంత జోరుగా సాగుతాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

దీనికి మందుగా ఈ పదేళ్లలో వినబడుతున్న మాట దీర్ఘకాలిక ఉమ్మడి గ్రాంటు. కొందరు దాతలు కలిసి, ఒక ప్రాజెక్టుకు కాకుండా సంస్థ మొత్తానికి బలం వచ్చేలా, కొన్నేళ్లపాటు మాట తప్పకుండా డబ్బివ్వడం అన్నమాట. ఫోర్డ్ ఫౌండేషన్ 2016లో బిల్డ్ పేరుతో ఆరేళ్లకు వంద కోట్ల డాలర్లు కేటాయించి, ఐదేళ్ల గ్రాంట్లు ఇచ్చింది. మన దేశంలో ఎడెల్‌గివ్ ఫౌండేషన్ 2021లో గ్రో ఫండ్ పెట్టి, పలువురు దాతలను కలిపి, వంద చిన్న సంస్థలకు రెండేళ్లపాటు అండగా నిలవడానికి వంద కోట్ల రూపాయల లక్ష్యం పెట్టుకుంది. ఆలోచన మంచిదే. చిక్కంతా దాన్ని మన చట్టాల్లో ఇమిడ్చే దగ్గరే వస్తుంది.

ఉమ్మడి నిధి అనగానే తిరుపతిలో ఎవరికైనా హుండీయే తడుతుంది. ఎవరు వేసిందైనా లోపల కలిసిపోతుంది, బయటికి ఒకే లెక్కగా వస్తుంది. సేవా సంస్థల డబ్బును అలా కలపడానికి మన చట్టాలు ఒప్పుకోవు. విదేశీ డబ్బు ఒక దారి, కంపెనీ డబ్బు ఇంకో దారి, దేశంలోని ట్రస్టులు, వ్యక్తులు ఇచ్చే డబ్బు మూడో దారి. ఒక్కో దారిలో చెల్లే ఖర్చు ఒకటి, చెల్లనిది ఒకటి. అందువల్ల ఇక్కడ ఉమ్మడి గ్రాంటంటే డబ్బు కలపడం అనుకుంటే మొదటి అడుగే తప్పుతుంది. ఏ ఖర్చు ఎవరు భరిస్తారో దాతలంతా ఒకచోట కూర్చుని తేల్చుకోవడమే ఇక్కడ సాధ్యమయ్యే ఉమ్మడితనం.

ముందు విదేశీ డబ్బు. విదేశీ విరాళాల మీద ఉన్న ఎఫ్‌సీఆర్ఏ చట్టాన్ని 2020 సెప్టెంబరులో సవరించాక ఒక సంస్థ తాను అందుకున్న విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదలాయించే వీలు పూర్తిగా పోయింది. అంతకుముందు పెద్ద సంస్థ ఒకటి తీసుకుని, పది మండలాల్లోని చిన్న సంస్థలకు పంచేది. ఇప్పుడు అదే పని జరగాలంటే చిన్న సంస్థ కార్యకర్తలు పెద్ద సంస్థ జీతాల పట్టీలోకి చేరాలి. ఊళ్లో పని ఆగదు, మనుషులూ వాళ్లే, కానీ చిన్న సంస్థ పుస్తకాల్లో ఆదాయం సున్నా అవుతుంది. నేరుగా ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలంటే మూడేళ్ల పని, గత మూడేళ్లలో ప్రధాన కార్యక్రమాలపై కనీసం 15 లక్షల ఖర్చు చూపించాలి. ఆదాయమే లేని సంస్థ ఆ ఖర్చు ఎలా చూపిస్తుంది? బలపరచడానికి వచ్చిన డబ్బు చిన్న సంస్థను బోలుగా మార్చేది ఇక్కడే. అదే సవరణ పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. పాలకవర్గ సభ్యులకిచ్చే వేతనం, ఆఫీసు అద్దె, అకౌంట్లు, లీగల్ ఖర్చు అందులోకి వస్తాయి. ఊళ్లో శిక్షణ ఇచ్చే వాళ్లు, వైద్యులు, ఉపాధ్యాయుల జీతాలు రావు. ఈ విభజన తెలియక క్షేత్ర సిబ్బంది జీతాలను కూడా పరిపాలనలో రాసుకుని, పరిమితి దాటిపోయిందని కంగారుపడే సంస్థలు ఉన్నాయి.

కంపెనీ డబ్బు చుట్టూ రెండు అపోహలు బలంగా పాతుకుపోయాయి. మార్చి 31లోపు ఖర్చు కాకపోతే చట్టం ఒప్పుకోదన్నది మొదటిది. ఇది సగమే నిజం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద బోర్డు ఒక పనిని కొనసాగే ప్రాజెక్టుగా గుర్తిస్తే, మొదలైన ఏడాదిని వదిలేసి మరో మూడేళ్లు నడపవచ్చు. ఆ ఏడాది ఖర్చు కాని మొత్తాన్ని ఏప్రిల్ 30లోపు కంపెనీ విడిగా ఒక ఖాతాలో వేసి, మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాడాలి. ఆ గుర్తింపు లేని ప్రాజెక్టు అయితేనే మిగులు ఆరు నెలల్లో ప్రభుత్వం పేర్కొన్న నిధులకు వెళ్లిపోతుంది. కాబట్టి పూడికతీత లాంటి పనికి మొదటి సమావేశంలోనే అడగాల్సింది మొత్తం గురించి కాదు, బోర్డు తీర్మానంలో "కొనసాగే ప్రాజెక్టు" అన్న మాట చేర్చమని. ఒకటి గుర్తుంచుకోవాలి: కంపెనీ మన ఖాతాలో డబ్బు వేసినంత మాత్రాన దాని లెక్కలో ఖర్చయినట్టు కాదు, మనం వాడితేనే అయినట్టు. మార్చిలో సీఎస్ఆర్ మేనేజర్ పదేపదే ఫోన్ చేయడానికి కారణం అదే.

రెండో అపోహ ఐదు శాతానిది. ఓవర్‌హెడ్, అంటే ఆఫీసు నడపడానికయ్యే ఖర్చు, ఐదు శాతం మించి ఇవ్వకూడదని చట్టంలోనే ఉందని చాలా కంపెనీలు చెబుతాయి, సంస్థలూ తలూపుతాయి. నిబంధనలో ఉన్న ఐదు శాతం కంపెనీ తన సొంత సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చు మీద ఉన్న పరిమితి. పని చేసే సంస్థ అకౌంటెంట్ జీతానికి దానితో సంబంధం లేదు. కంపెనీ తన సొంత విధానంగా ఐదే ఇస్తానంటే అది వేరే మాట, అప్పుడు బేరమాడవచ్చు. చట్టం పేరు చెబితే మాత్రం నిబంధన చూపించమని అడగాలి.

మూడో దారి దేశంలోని కుటుంబ ట్రస్టులు, వ్యక్తులది. షరతులు అన్నిటికంటే తక్కువ ఉండేది ఇక్కడే, అందుకే ఇది అన్నిటికంటే విలువైనది. ఒక్క మెలిక ఉంది. 2023 ఫైనాన్స్ చట్టం తర్వాత ఒక ట్రస్టు మరో ట్రస్టుకిచ్చే విరాళంలో 85 శాతాన్నే ధర్మకార్యానికి పెట్టిన ఖర్చుగా లెక్కిస్తారు. మధ్యలో ఉమ్మడి నిధి పేరుతో ఇంకో ట్రస్టు చేరితే చేయి మారిన ప్రతిసారీ ఆ కోత పడుతుంది. నేరుగా ఇప్పించుకోవడమే మేలు. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే 12ఏబీ, దాతకు పన్ను రాయితీనిచ్చే 80జీ అనే, అందరికీ అలవాటైన పాత పేర్లనే ఇక్కడ వాడుతున్నాం.)

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. సత్యవేడు, శ్రీకాళహస్తి వైపు పనిచేసే ఒక చిన్న సంస్థ అనుకోండి. మూడు పనులున్నాయి. కంపెనీ ఇచ్చే పని 12 లక్షలు, విదేశీ దాతది 6 లక్షలు, కుటుంబ ట్రస్టుది 4 లక్షలు. ఊళ్లో నేరుగా అయ్యే ఖర్చు మొత్తం 22 లక్షలు. ఈ మూడింటినీ మోసే ఉమ్మడి ఖర్చులు వేరే ఉంటాయి. అకౌంటెంట్‌కు నెలకు 18 వేల చొప్పున 2.16 లక్షలు, సంస్థ నడిపే మనిషికి నెలకు 25 వేల చొప్పున 3 లక్షలు, అద్దె 96 వేలు, కరెంటు, ఫోను, ఇంటర్నెట్ 36 వేలు, ఆడిటర్‌కు 60 వేలు. అన్నీ కలిపి 7.08 లక్షలు. నేరు ఖర్చులో ఇది దాదాపు 32 శాతం. ఈ జీతాలేమీ ఆడంబరం కావు, ఈ డబ్బుకు మంచి అకౌంటెంట్ తిరుపతిలో నిలవడం కూడా కష్టమే.

ముగ్గురు దాతలూ ఏడు శాతం ఓవర్‌హెడ్ ఇస్తే వచ్చేది 1.54 లక్షలు. లోటు 5.54 లక్షలు. ఈ లోటు ఎలా పూడుతుందో బయట ఎవరూ రాయరు గానీ రంగంలో అందరికీ తెలుసు. జీతాల పట్టీలో సంతకం 15 వేలకు, అందులో మూడు వేలు కార్యకర్త "విరాళంగా" వెనక్కి ఇస్తాడు. లేదా ఆఫీసు అద్దె శిక్షణ హాలు అద్దెగా మారుతుంది. దొంగతనం చేద్దామని ఎవరూ మొదలుపెట్టరు. లెక్క కుదరని బడ్జెట్ మీద సంతకం పెట్టిన రోజే ఈ బిల్లులకు పునాది పడుతుంది. ఆడిట్‌లో దొరికితే మాత్రం పోయేది సంస్థ పేరే, బడ్జెట్ కోసిన దాత పేరు కాదు.

అదే ముగ్గురూ ఒకచోట కూర్చుంటే లెక్క వేరేలా కుదురుతుంది. ఉమ్మడి ఖర్చును నేరు ఖర్చుల నిష్పత్తిలో పంచితే కంపెనీ వాటా 3.86 లక్షలు, విదేశీ దాతది 1.93 లక్షలు, ట్రస్టుది 1.29 లక్షలు. విదేశీ దాత మొత్తం ఇవ్వడానికి సిద్ధపడినా 20 శాతం పరిమితి అడ్డొస్తుంది. 7.50 లక్షలు వస్తే పరిపాలనకు 1.50 లక్షలకు మించి పోకూడదు. అక్కడ 43 వేలు తగ్గాయి. కంపెనీ బేరమాడి 2.50 లక్షల దగ్గర ఆగిందనుకుంటే 1.36 లక్షలు తగ్గాయి. ఈ రెండు ఖాళీలూ షరతులు లేని ట్రస్టు డబ్బుతో పూడాలి. దాని వాటా 3.08 లక్షలవుతుంది. దానికి తోడు ఏటా 2.42 లక్షలు నిల్వకు కలిపితే, సంస్థ ఏడాది ఖర్చు 29.08 లక్షలు కాబట్టి, మూడేళ్లకు దాదాపు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంటుంది. ట్రస్టు మొత్తం 9.50 లక్షలు, కంపెనీ 14.50, విదేశీ దాత 7.50. మొత్తం 31.50 లక్షలు.

నిల్వ భారం ట్రస్టు మీదే ఎందుకు వేశామంటే, 2021 జనవరి నుంచి సీఎస్ఆర్ డబ్బు ఏ సంస్థ కార్పస్‌కూ, అంటే శాశ్వత మూలనిధికీ, చెల్లదని కంపెనీ వ్యవహారాల శాఖ స్పష్టం చేసింది. ఒక ట్రస్టు మరో ట్రస్టుకు కార్పస్‌గా ఇస్తే అది ఇచ్చిన ట్రస్టు ఖర్చు కింద చెల్లదు కనుక వాళ్లూ వెనకాడతారు. మామూలు విరాళంగా ఇచ్చి, మిగిలితే సంస్థ దగ్గరే ఉంచుకోవచ్చని ఉత్తరంలో రాస్తే చాలు. ఆదాయంలో 15 శాతం దాకా ఏ కారణం చూపకుండా దాచుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకుంటుంది. 31.50 లక్షల్లో అది 4.72 లక్షలు. మనకు కావాల్సింది అందులో దాదాపు సగమే.

ఈ పంపకం నిలబడాలంటే కాగితం గట్టిగా ఉండాలి. దాతలు ముగ్గురూ విడివిడిగానే ఒప్పందాలు రాసుకుంటారు, కానీ మూడింటికీ ఒకటే అనుబంధం జతచేస్తారు. అందులో సంస్థ మొత్తం బడ్జెట్, ఏ వరుస ఎవరిదో చూపే పట్టిక, వాయిదాల తేదీలు, ఒకటే నివేదిక నమూనా ఉంటాయి. కంపెనీలు కలిసి పనిచేయవచ్చని సీఎస్ఆర్ నిబంధనలే చెబుతున్నాయి, ఎవరి వాటా వాళ్లు విడిగా చూపించగలిగితే సరిపోతుంది. మూడు నెలలకో నివేదిక, పైన ఒక వార్షిక నివేదిక లెక్కన ముగ్గురికీ ఏడాదికి 15 నివేదికలు. అనుబంధం ఉంటే పని వివరాల నివేదిక ఆరు నెలలకు ఒకటి, ఏడాదికి రెండు. ఆర్థిక భాగం మాత్రం ఎప్పటికీ విడిగానే ఉండాలి, విదేశీ డబ్బుకు బ్యాంకు ఖాతా, పుస్తకాలు వేరుగా ఉండాల్సిందే.

ఇక్కడే పెద్ద ప్రమాదం ఒకటి పొంచి ఉంటుంది. అకౌంటెంట్ జీతం మూడు చోట్ల పంచినప్పుడు మూడు వాటాలు కలిపి వంద శాతానికి మించకూడదు. ఒక దాతకు 60 శాతం, ఇంకొకరికి 50 శాతం చూపించడం తరచూ జరిగే పొరపాటు. వేర్వేరు నెలల్లో వేర్వేరు మనుషులు రాసిన బడ్జెట్లు అలాగే తేలతాయి. ఉమ్మడి ఖర్చు పంచే పద్ధతిని ఒక పేజీలో రాసి, పాలకవర్గంలో తీర్మానం చేయించి, ఆడిటర్‌కు ముందే చూపించాలి. ఏడాదికోసారి సంతకం పెట్టే ఆడిటర్‌తో ఇది సాగదు. ప్రతి నెలా పదో తేదీలోపు గత నెల పుస్తకాలు మూసే అలవాటు కావాలి.

వాయిదాల షరతు మీద ఎవరూ సరిగా బేరమాడరు. ముందు వాయిదా మొత్తం ఖర్చయినట్టు యూసీ (వినియోగ ధ్రువపత్రం) ఇచ్చాకే తర్వాతిది అని రాస్తారు. యూసీ తయారీకి రెండు వారాలు, పరిశీలనకు నెల, బదిలీకి ఇంకో వారం. అంటే ప్రతి విడతకూ దాదాపు రెండు నెలల జీతాలు ఆగిపోతాయి, మంచి కార్యకర్త ఆ రెండు నెలల్లోనే శ్రీసిటీ పారిశ్రామిక వాడలో ఉద్యోగం వెతుక్కుంటాడు. 70 శాతం ఖర్చు చూపిస్తే తర్వాతి వాయిదా అని రాయించుకుంటే ఈ ఖాళీ రాదు. బడ్జెట్ వరుసల మధ్య 15 శాతం దాకా అనుమతి లేకుండా మార్చుకునే వీలు, అనుకోని ఖర్చుకు ఐదు శాతం కూడా అడగాలి. 2021 నవంబరు వరదల్లో రాయలచెరువు కట్టకు గండి పడే పరిస్థితి వచ్చి చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి వారంలో శిక్షణ వరుసలోని డబ్బు ఊరి అవసరానికి మళ్లించాలంటే మెయిలు పెట్టి జవాబు కోసం కూర్చునే వ్యవధి ఉండదు.

డబ్బుతో పాటు అధికారం మాట కూడా ఉంది. సంఘం సభ్యులే నడిపే సంస్థ అని దేన్ని అనాలి? మా కొలబద్ద ఒకటే: బడ్జెట్ మార్చే అధికారం, సంస్థ నడిపే మనిషిని తీసేసే అధికారం సభ్యులకు ఉందా? ఉంటే గ్రాంటు పెద్దదయ్యేకొద్దీ ఆ అధికారం జారిపోకుండా చూసుకోవాలి. జారిపోయే తీరు ఎప్పుడూ ఒకటే. నివేదికలు ఇంగ్లిషులో అడుగుతారు. ఇంగ్లిషు వచ్చిన కోఆర్డినేటర్ వస్తాడు. మినిట్సు అతనే రాస్తాడు. ఏడాది తిరిగేసరికి అధ్యక్షురాలు సంతకానికి మాత్రమే మిగులుతుంది. బడ్జెట్‌ను తెలుగులో ఒక్క పేజీకి కుదించి ఆరు నెలలకోసారి సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలి. తెలుగు మినిట్సునే దాతలు ఆమోదించాలి, అనువాదం కావాలంటే ఆ ఖర్చు వాళ్లది. సమావేశానికి వచ్చిన సభ్యురాలికి పోయిన కూలి కట్టివ్వడం ఒక బడ్జెట్ వరుసగా ఉండాలి. ఇది దండగ అనే దాతలు, తమ స్టార్ హోటల్ వర్క్‌షాపుల బిల్లు పక్కన పెట్టి చూసుకుంటే సరి.

కాగితాల విషయంలో ఈ ప్రాంతానికే ఉన్న ఒక తలనొప్పి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకుముందు రిజిస్టరైన సంస్థల పాన్, 12ఏబీ పత్రాల్లో చిత్తూరు జిల్లా అనీ, సూళ్లూరుపేట వైపు సంస్థలకు నెల్లూరు జిల్లా అనీ ఉంటుంది, కొత్త కాగితాల్లో తిరుపతి అని వస్తుంది. బ్యాంకు కేవైసీ దగ్గరో, కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో, సీఎస్ఆర్ డబ్బు అందుకోవడానికి కావాల్సిన సీఎస్ఆర్-1 నమోదు దగ్గరో చిరునామా తేడా అని ఆగిపోతుంది. 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరైన వాళ్లు ఏటా కార్యవర్గ జాబితాను రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఏళ్ల తరబడి ఇవ్వకపోతే రికార్డులో ఇంకా పాత కార్యదర్శే ఉంటాడు, బ్యాంకు కొత్త సంతకాన్ని ఒప్పుకోదు. గ్రాంటు మొదలయ్యే ముందు ఆరు నెలలు ఈ పనులకే పెట్టుకోవాలి, ఆ ఆరు నెలలకూ దాతలు కొంత డబ్బివ్వాలి.

నాలుగో ఏడాది సంగతి మొదటి ఏడాదే మాట్లాడుకోవాలి. సభ్యత్వ రుసుముతో నడుస్తామని ప్రతిపాదనల్లో రాయడం ఆనవాయితీ అయిపోయింది. లెక్క చూడండి: 1,200 మంది సభ్యులు నెలకు 20 రూపాయలిస్తే ఏడాదికి 2.88 లక్షలు. 60 శాతం వసూలైతే 1.73 లక్షలు. 7.08 లక్షల ఉమ్మడి ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు. అది చిన్న మొత్తమేమీ కాదు, ఆడిటర్ ఫీజు, అద్దె వెళ్లిపోతాయి, కానీ సంస్థ మొత్తం దాని మీద నిలవదు. కాబట్టి డబ్బు ఒక్కసారిగా ఆపేయకుండా ఐదేళ్ల ప్రణాళికలో మొదటి మూడేళ్లు పూర్తిగా, తర్వాత 70, ఆపై 40 శాతం చొప్పున తగ్గించడం న్యాయం. ముగ్గురు దాతలూ ఒకే ఏడాది వెళ్లిపోకుండా ముగింపు తేదీలను వేరువేరుగా పెట్టుకోవాలి. ఉమ్మడి గ్రాంట్లలో ఎక్కువగా మరిచిపోయేది ఇదే: కలిసి వచ్చిన వాళ్లు కలిసే వెళ్లిపోతారు. సభ్యుల పొదుపు డబ్బును మాత్రం ఈ లోటుకు ముట్టుకోకూడదు.

చివరగా ఆస్తులు. విదేశీ డబ్బుతో కొన్న బండి, కంప్యూటరు, కట్టిన గది, ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ రద్దయితే ప్రభుత్వం నియమించిన అధికారి చేతికి వెళ్తాయి. అందుకే విత్తన గోదాము, పంపుసెట్టు లాంటి, ఊరు రోజూ వాడుకునే వాటిని ఆ డబ్బుతో కొనకపోవడం మంచిది. డ్వాక్రా మండల సమాఖ్యలు చాలావరకు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందివి. సాధారణంగా వాటికి 12ఏబీ, 80జీ ఉండవు కనుక సీఎస్ఆర్ డబ్బు నేరుగా అందుకోలేవు. కానీ సీఎస్ఆర్ డబ్బుతో తయారైన ఆస్తిని లబ్ధిదారుల స్వయం సహాయక సంఘాలు, సమష్టి సంఘాల పేరు మీద పెట్టవచ్చని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. గోదాము కంపెనీ డబ్బుతో కట్టించి, సమాఖ్య పేరు మీద పెట్టే షరతును మొదటి ఒప్పందంలోనే రాయించుకోవాలి. కట్టడం పూర్తయ్యాక అడిగితే, కాంట్రాక్టరు బిల్లు ఏ సంస్థ పేరు మీద ఉందో ఆస్తి ఆ సంస్థ పుస్తకాల్లోకి వెళ్లిపోయి ఉంటుంది.